మూడు జ్వరం చీటీలు: మా అమ్మాయి చదివే బడిపై ఒక సమీక్ష

కడపలో మా అమ్మాయి చదువుతున్న ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం ప్రాథమిక పాఠశాల గురించి ఇది రాస్తున్నాను. బడి పేరు చెప్పడం లేదు. అమ్మాయి ఇంకా అక్కడే చదువుతోంది. పైగా ఇందులో నేను చెప్పబోయే ఇబ్బందులు ఆ ఒక్క బడికే పరిమితమైనవి కావని పక్కవీధి తల్లులతో మాట్లాడిన ప్రతిసారీ తెలిసివస్తోంది. 2023 జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాము, ఇది రాస్తున్న 2025-26లో మూడో తరగతి. ఏడాదికి 38,000 రూపాయల ఫీజు, బస్సుకు మరో 9,000. నేను ఊరి బయట ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. సర్కారు బడిలో జీతం తీసుకుంటూ సొంత బిడ్డను ప్రైవేటు బడికి పంపుతున్నావేమని అడిగేవాళ్లకు నా దగ్గర గట్టి జవాబేమీ లేదు.

చదువు సంగతి ముందుగా తేల్చేస్తాను, ఎందుకంటే దాని గురించి ఫిర్యాదులు తక్కువ. లెక్కలు బాగా చెప్తున్నారు. తెలుగు నేను భయపడినంత అధ్వానంగా లేదు; రెండో తరగతిలోనే వేమన పద్యాలు పది నోటికి వచ్చాయి, గుణింతాల్లో తప్పులు పోయాయి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. బస్సు డ్రైవరు నెమ్మదైన మనిషి. వీటన్నిటికీ కలిపి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. మిగతా సమీక్ష అంతా చదువు కాని పనుల గురించే. పండుగలు, వేషాలు, పూజలు, నాట్యాలు, యాత్రలు, డబ్బాలో అన్నం, చేతికి గోరింటాకు, ఇవన్నీ ఒక ముస్లిం కుటుంబానికి బడి గేటు దగ్గర ఎలా ఎదురవుతాయో చేర్చేముందు నాకెవరూ చెప్పలేదు.

మొదటి ఏడాది కృష్ణాష్టమికి ముందు రాత్రి ఎనిమిది నలభైకి వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. మర్నాడు అబ్బాయిలు కృష్ణుడి వేషంలోనూ అమ్మాయిలు గోపిక వేషంలోనూ రావలెను, తప్పనిసరి అని అందులో ఉంది. మా ఇంట్లో ఆ రాత్రి జరిగిన చర్చను వింటే, ముస్లింలందరూ ఒకే మాట మీద ఉంటారనుకునేవారు కాస్త ఆశ్చర్యపోతారు. మావారు వద్దన్నారు. మా అత్తగారు మాత్రం వేషం వేస్తే ఏమవుతుంది, దండం పెట్టించకపోతే చాలు అన్నారు. ఆమె చిన్నప్పుడు ఉగాది నాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని దేవుని కడప గుడికి వెళ్లిన మనిషి. వెంకటేశ్వరస్వామి మా ముస్లింల ఆడపడుచు బీబీ నాంచారిని పెళ్లాడాడు కాబట్టి ఆయన మన ఇంటి అల్లుడని నమ్మి, ఉగాది రోజున కొబ్బరికాయలతో ఆ గుడికి వెళ్లే ముస్లిం కుటుంబాలు కడపలో ఇప్పటికీ ఉన్నాయి. మావారి తరానికి ఆ నమ్మకం లేదు, నాకు అటూ ఇటూ తేల్చుకునే తీరిక ఆ రాత్రి లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు పావడా ఎక్కడ తేవాలి, తేవాలా వద్దా అన్న రెండు ప్రశ్నలకూ కలిపి ఒకే జవాబు దొరికింది. మర్నాడు పిల్లను ఇంట్లో ఉంచి, జ్వరం అని సెలవు చీటీ రాశాను.

రెండో చీటీ వసంత పంచమికి రాశాను. సరస్వతీ పూజ చేసి, పలకల మీద పసుపు కుంకుమలు పెట్టించి, పిల్లలందరి చేత హారతి కళ్లకు అద్దించడం ఆ బడిలో ఏటా జరిగే కార్యక్రమం. వేషం కట్టడం వేరు, హారతి వేరు. వేషం ఆరాధన కాదని వాదించడానికి వీలుంది, హారతి మాత్రం ఎటు చూసినా ఆరాధనే. మా అత్తగారు కూడా ఈసారి మావారి పక్షాన నిలిచారు.

మూడో చీటీ అన్నిటికన్నా చిన్న విషయానికి రాసినది, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టినదీ అదే. చేతులకు మెహందీ పెట్టుకుని రాకూడదని బడి డైరీ వెనక అట్ట లోపలి నిబంధనల్లో అచ్చువేశారు. ఆ ఏడాది ఆషాఢంలో తరగతిలో సగం మంది ఆడపిల్లలు అరచేతులు ఎర్రగా పండించుకుని వచ్చారు. ఎవరిది బాగా పండిందో చూపించమని టీచరమ్మలే ముచ్చటపడ్డారు. 2024 ఏప్రిల్ 11న రంజాన్ పండుగ అయింది. మర్నాడు మా అమ్మాయి మోచేతి దాకా మెహందీతో బడికి వెళ్లింది. సాయంత్రం డైరీ తెరిస్తే ఎర్ర సిరాతో ఒక వాక్యం కనిపించింది: మీ పాప మెహందీతో వచ్చినది, ఇది నిబంధనలకు విరుద్ధం, పునరావృతం కాకూడదు. కింద నా సంతకానికి చిన్న గీత గీసి ఉంది. ఆ గీత మీద సంతకం పెట్టి, రంగు వెలిసేదాకా బడికి పోనని ఏడ్చిన పిల్లను రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని, మళ్లీ జ్వరమనే రాశాను. ఆ ఆకు ఒకటే, ఆ ఎరుపు ఒకటే, నిబంధన కూడా ఒకటే. రాసిన టీచరుకు నా బిడ్డ మీద కోపముందని ఇప్పటికీ అనుకోను. ఆషాఢంలో గోరింటాకు ఆమెకు సంప్రదాయంగా తోచింది, రంజాన్‌కు మెహందీ అలంకారంగా తోచింది, అంతే.

రెండో తరగతి మొదలైన వారానికి, 2024 జూన్‌లో యోగా దినోత్సవం సర్క్యులర్ వచ్చింది. దాన్ని నేను ఫోనులో చదువుతుంటే మా అమ్మాయి పక్కన నిలబడి అడిగింది: "అమ్మీ, రేపు నాకు జ్వరమా?"

మర్నాడు నేను బడికి వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. నేను చెప్పినదంతా విని, "మేడం, మా బడిలో మీవాళ్లే పావువంతు మంది ఉన్నారు, ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అన్నారు. ఎవరూ అడగకపోవడానికి కారణం నాకు ఆ మధ్యాహ్నం గేటు దగ్గర దొరికింది. బిడ్డల కోసం నిలబడిన నలుగురు తల్లులను కదిపితే నలుగురూ నవ్వారు, నలుగురూ జ్వరం చీటీలే రాసేవారట. బడి హాజరుపట్టీలు తిరగేసే వైద్యుడెవరైనా ఉంటే, ఏటా కృష్ణాష్టమి ముందు రోజున కడపలో ముస్లిం పిల్లలకు మాత్రమే సోకే జ్వరమొకటి ఉందని తేల్చేస్తాడు.

ప్రిన్సిపాల్ గారికి నేను చట్టం చూపించాను, అయితే గొడవకు కాదు. రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడో ఖండం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధుల సాయం పొందే విద్యాసంస్థలో చదివే ఎవరినైనా, వారి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా అక్కడి మతబోధనకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని నిర్బంధించకూడదు. ప్రైవేటు బడి కదా, మాకు వర్తించదు అని చాలా యాజమాన్యాలు అనుకుంటాయి. గుర్తింపు ఉంటే చాలు, వర్తిస్తుంది. ఇదే సందర్భంలో 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు కూడా చెప్పాను. జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడి, తమ మతవిశ్వాసం కారణంగా గొంతు కలపని కేరళకు చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేస్తే, అది తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు ముస్లింలు కారు, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవారు. మా అమ్మాయి జాతీయగీతం గొంతెత్తి పాడుతుంది, మాకు ఆ పేచీ లేదు. నేను అడిగినది, సూర్యనమస్కారాల్లో శరీరాన్ని వంచి లేపే భాగమంతా చేసి, మంత్రం చెప్పే చోట ఊరుకుని నిలబడనివ్వమని మాత్రమే. దానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. 2025లో యోగా దినోత్సవం ప్రధాన వేడుక విశాఖపట్నంలో జరగడంతో రాష్ట్రమంతటా నెల రోజుల పాటు యోగాంధ్ర పేరిట సాధన చేయించారు. ఉద్యోగరీత్యా నేనూ చేశాను, మా అమ్మాయీ బడిలో చేసింది, ఏ ఇబ్బందీ రాలేదు. ముందు మాట్లాడుకున్న పని ఎంత తేలికగా సాగిపోతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఈ బడికి నేను మార్కులు కలపడానికి ముఖ్య కారణం రెండో తరగతి క్లాస్ టీచరు. ఆ ఏడాది కృష్ణాష్టమికి పది రోజుల ముందే ఆమె ఫోన్ చేసి, పాపను ఏం చేయమంటారమ్మా అని అడిగారు. వేషం వద్దు, కానీ దూరంగా కూర్చోబెట్టవద్దు అన్నాను. నాకు ఎక్కువ భయం దాని గురించే. అంతకు ముందు ఏడాది పక్క సెక్షన్‌లో ఒక బాబును వాళ్ల నాన్న వేషం లేకుండా పంపితే, ఆ పిల్లవాడు మూడు గంటలు ఖాళీ తరగతిలో ఆయాతో కూర్చున్నాడట. బడి దృష్టిలో అది మినహాయింపు, ఆరేళ్ల వాడికి మాత్రం అది గోడకుర్చీతో సమానం. ఈ టీచరు మా అమ్మాయికి మైకు ఇచ్చారు. ఉట్టి కొట్టడానికి ఎవరెవరు రావాలో పేర్లు చదివే పని. సొంత గౌనులో నిలబడి, కాగితం చూసి ముప్పై నాలుగు పేర్లు తప్పు లేకుండా చదివింది, ఇంటికొచ్చి మళ్లీ మాకు చదివి వినిపించింది. వినాయక చవితికి మట్టి విగ్రహం చేయడం క్రాఫ్టులో ఐదు మార్కుల పని. దాన్ని కూడా ఆవిడ ఇష్టమైన మట్టిబొమ్మ అని మార్చారు. మా అమ్మాయి కుండ చేసింది, ఒక బాబు గండికోట చేశాడు, మిగతావాళ్లు వినాయకుణ్ణే చేశారు, ఎవరి పండుగకూ లోటు రాలేదు.

ఆ టీచరు బదులు ఇంకొకరుంటే ఏమయ్యేదన్నదే నా ఆందోళన. ఈ మంచి అంతా ఆమె సొంత సంస్కారమే కానీ బడి పద్ధతి కాదు. మూడో తరగతికి వచ్చేసరికి కొత్త టీచరుకు మొదటి నుంచీ చెప్పుకోవలసి వచ్చింది.

రంజాన్ నెల విషయంలో తప్పు మా వైపు కూడా ఉంది కాబట్టి అదీ చెప్పాలి. ఏడేళ్ల పిల్లలకు ఉపవాసం విధి కాదు. అయినా తెల్లవారకముందు తినే సహర్‌కు ఇల్లంతా లేచినప్పుడు పిల్లలు కూడా లేచి కూర్చుని నేనూ ఉంటానని మొండికేయడం ప్రతి ఇంట్లో ఉన్నదే. 2025 మార్చి 2న ఉపవాసాలు మొదలయ్యాయి, వారంలోపే ఒకరోజు మా అమ్మాయి సగం రోజా, అంటే మధ్యాహ్నం దాకా ఉపవాసం, అని బయలుదేరింది. నేను డైరీలో రాయలేదు. పీటీ పీరియడ్‌లో ఎండలో పరుగెత్తించారు, పదకొండు గంటలకు కళ్లు తిరుగుతున్నాయంటే టీచరు బలవంతంగా నీళ్లు తాగించి నాకు ఫోన్ చేశారు. మావారికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ టీచరు చేసినదే సరైనదనిపించింది. ఆమె చేతిలో ఉన్నది వేరొకరి బిడ్డ, ఆ బిడ్డ ఏమీ తినలేదన్న సంగతే ఆమెకు తెలియదు. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు రావడంతో ఇంటికి పన్నెండున్నరకల్లా చేరింది, సగం రోజాకు అంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. చంద్రుని లెక్కన నడిచే నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక ఈ అనువు ఎక్కువ కాలం ఉండదు.

వార్షికోత్సవం కూడా అదే నెల మొదటి వారంలో పడింది. సాయంత్రం ఐదుకు మొదలు, మా అమ్మాయి నాట్యం పన్నెండో అంశం, అంటే సరిగ్గా ఆరు ఇరవై ప్రాంతంలో, ఇఫ్తార్ వేళకు. వరుస మార్చమని అడిగితే కార్యక్రమాల ఇన్‌చార్జి, అందరికీ ఒకటే రూల్ మేడం అన్నారు. క్లాస్ టీచరే మధ్యలో పడి పన్నెండును మూడు చేయించారు. సూర్యాస్తమయం వేళకు ముఖ్య అతిథి ప్రసంగం నడుస్తోంది. షామియానా వెనక వరుసలో మేం పదిహేను మంది ఆడవాళ్లం సంచుల్లోంచి ఖర్జూరాలు తీసి, పక్కన కూర్చున్న హిందూ తల్లులకు కూడా పంచి, నీళ్లు తాగాము. నమాజుకు ఒక గది తాళం తీసిస్తారా అని అడిగితే వాచ్‌మన్ ప్రిన్సిపాల్‌ను అడగాలన్నాడు, ప్రిన్సిపాల్ వేదిక మీద ఉన్నారు. ఇక నాట్యాల గురించి ఒక్క మాట: ఏడేళ్ల పిల్లల చేత ఐటం పాటలకు నడుము తిప్పించడం మీద అభ్యంతరం మా మతానికి సంబంధించినది మాత్రమే కాదు. ఆ రోజు నా పక్కన కూర్చున్న రెడ్డిగారమ్మాయి నాకన్నా ఎక్కువ కోప్పడింది.

మా పండుగలను కూడా బడి వదలలేదు, అదీ నాకు తలనొప్పే. ఆ మార్చి నెలాఖరులో రంజాన్ సెలబ్రేషన్ అని పెట్టి, పిల్లలందరినీ టోపీలు, బురఖాలు వేసుకుని రమ్మని, వరుసగా కూర్చోబెట్టి నమాజు చేస్తున్నట్టు ఫోటోలు తీసి బడి పేజీలో పెట్టారు. ఇద్దరు ముగ్గురు హిందూ తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారని విన్నాను, వాళ్లది న్యాయమైన అభ్యంతరం. హారతి మా అమ్మాయికి ఎలా నటన కాదో, నమాజులో నుదురు నేలకు ఆనించే సజ్దా వాళ్ల పిల్లలకు అలా నటన కాకూడదు. సేమ్యా పాయసం చేసి పంచి, ఈ పండుగ ఎందుకు చేస్తారో నాలుగు ముక్కలు చెబితే సరిపోయే చోట ఫోటో కోసం ప్రార్థనను వేషంగా మార్చారు. మెచ్చుకోవలసినది కూడా ఒకటుంది. 2025లో మిలాద్-ఉన్-నబీ సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడే వచ్చింది. బడి తన వేడుకను ఎవరూ అడగకముందే ఒకరోజు ముందుకు జరిపింది.

యాత్రల్లో గండికోటకు తీసుకెళ్లినది బాగుంది. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు ఒకే కోటలో ఉంటాయి కాబట్టి ఎవరికి ఏది చెప్పాలన్న సందేహమే రాలేదు. ఒంటిమిట్ట రామాలయానికి ముందుగా సమ్మతి పత్రం పంపారు, సంతకం పెట్టి పంపించాను, గుడి శిల్పం చూసి రావడానికి మాకు అభ్యంతరం లేదు. అయితే అక్కడి ఇమాంబేగ్ బావి గురించి పిల్లలకు ఒక్కరూ చెప్పలేదు. కడప నవాబు ప్రతినిధి ఇమాంబేగ్, మీ రాముడు పిలిస్తే పలుకుతాడా అని పిలిచి చూస్తే ఓ అని జవాబు వచ్చిందని, ఆయన స్వామి సేవకు బావి తవ్వించాడని ఊళ్లో కథ చెప్తారు. ఆ కథ మా అమ్మాయికి బస్సు డ్రైవరు చెప్పాడు. మూడో తరగతి పిల్లలకు అంతకన్నా పనికొచ్చే సాంఘికశాస్త్రం పాఠం ఆ రోజు దొరికేది కాదు.

భోజనం సంగతి చిన్నది. డబ్బాలో మాంసాహారం వద్దన్నారు, అది అందరికీ వర్తించే నియమం, పాటిస్తున్నాము. పుట్టినరోజులకు పంచే జెల్లీ మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు కనుక, పొట్లం మీద శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క ఉంటేనే తినమని పాపకు నేర్పాము. ఇప్పుడు అదే తరగతికంతటికీ చుక్క చూసి పెడుతోంది. గౌను కింద తెల్ల లెగ్గింగ్‌కు అడగగానే ఒప్పుకున్నారు. శుక్రవారం నమాజుకు మగపిల్లలను పంపాలనుకునే తల్లిదండ్రులు మాత్రం ఇంకా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

వచ్చే వేసవికి మూడో తరగతి నుంచి ఈత నేర్పిస్తామని కొత్తగా ప్రకటించారు. ఇలాంటి తగాదాలో ఐరోపాలో ఒక పెద్ద తీర్పే ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఇద్దరు ఆడపిల్లలను అబ్బాయిలతో కలిపి నేర్పే ఈత తరగతులకు పంపబోమన్న ముస్లిం తల్లిదండ్రులకు మొత్తం 1,400 ఫ్రాంకుల జరిమానా పడింది. 2017 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం బడి పక్షానే తీర్పునిచ్చింది. అయితే ఆ బడి ఒళ్లంతా కప్పే ఈత దుస్తులకు ముందే అనుమతి ఇచ్చింది, బట్టలు మార్చుకోవడానికి అబ్బాయిలు లేని చోటు చూపించింది. తీర్పు బడికి అనుకూలంగా రావడంలో ఆ ఏర్పాట్లకు చాలా పాత్ర ఉంది. మా బడి ఇంకా దుస్తుల గురించి గాని బ్యాచ్‌ల గురించి గాని ఏమీ చెప్పలేదు. నా మటుకు నేను పంపాలనే అనుకుంటున్నాను, పెన్నా ఒడ్డు జిల్లాలో పుట్టిన పిల్లకు ఈత రావాలి. మావారు ఇంకా ఆలోచిస్తున్నారు.

ఈ బడిలో పిల్లలను చేర్చాలనుకునే ముస్లిం తల్లిదండ్రులు అడ్మిషన్ రోజునే ఏడాది కార్యక్రమాల పట్టిక అడిగి తీసుకోండి. అడిగితే ఇస్తారు, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. మీ ఇంట్లో దేనికి ఒప్పుకుంటారో దేనికి ఒప్పుకోరో ఒక కాగితం మీద రాసి క్లాస్ టీచరుకు ఇవ్వండి, ఎందుకంటే మా ఇంట్లోనే మూడు అభిప్రాయాలున్నప్పుడు టీచరు ఊహించగలరని ఆశించడం న్యాయం కాదు. వద్దన్న ప్రతిచోటా బదులుగా ఏ పని ఇస్తారో కూడా అడగండి. సెలవు చీటీలో నిజమైన కారణమే రాయండి. ఈ ఏడాది వసంత పంచమికి నేను అలాగే రాయబోతున్నాను.

ప్రస్తుతానికి మొత్తం మీద మూడున్నర ఇస్తున్నాను. 2026లో రంజాన్ నెల ఫిబ్రవరి మూడో వారంలో మొదలవుతుంది. బడి డైరీలో వార్షికోత్సవం ఫిబ్రవరి 28, సాయంత్రం ఐదు గంటలకు అని అచ్చయి ఉంది. పోయిన నెలలో పదకొండు మంది తల్లులం సంతకాలు పెట్టి, దాన్ని ఉదయం పూటకు మార్చమని వినతి ఇచ్చాము. చూద్దాం మేడం అన్నారు. మారిస్తే ఇక్కడికి వచ్చి నాలుగు చేస్తాను.